అంటుకోని జబ్బు

మన చర్మం నెలకొకసారి కొత్తదవుతుందంటే మీరు నమ్ముతారా? చర్మం అడుగున నిత్యమూ కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. అవి మెల్లగా పైకి వచ్చి, ఎండి, మనకు తెలియకుండానే రాలిపోతాయి. ఇందుకు సుమారు ఒక నెల పడుతుంది.

కొందరికి ఈ ప్రయాణం నాలుగైదు రోజుల్లోనే ముగుస్తుంది. పాతవి రాలకముందే కొత్తవి వచ్చిపడితే పొరలు పేరుకుపోవా మరి! మోచేతుల మీదా, మోకాళ్ళ మీదా, తలలోనూ ఎర్రని మచ్చలు లేచి, వెండి రంగు పొట్టు రాలుతుంది. ఇదే సోరియాసిస్. రోగక్రిములతో పోరాడవలసిన తెల్లకణాలు పొరపాటున చర్మాన్నే రెచ్చగొట్టడం వల్ల ఇది వస్తుంది.

పూర్వం ఐరోపాలో దీనిని కుష్ఠు అని భ్రమపడేవారు. ఈ రెండూ వేరని 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా తేల్చిచెప్పాడు. 1925లో అమెరికా వైద్యుడు గోకర్‌మన్, బొగ్గు నుంచి తీసిన తారు పూసి, అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసే చికిత్సను వివరించాడు. నేడు పూతమందులు, మాత్రలు, ఇంజక్షన్లు కూడా ఉన్నాయి. ఇవి జబ్బును సమూలంగా పోగొట్టలేవు గాని, అదుపులో ఉంచగలవు. ఏది వాడాలో చర్మవైద్యుడే చెప్పాలి. రోగి మచ్చలను గోకరాదు. గీరుకున్నచోట కొత్త మచ్చ లేవవచ్చు.

సోరియాసిస్ ముట్టుకుంటే అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. మీ తరగతిలో ఎవరికైనా ఇది ఉంటే దూరం జరగకండి. చెయ్యి పట్టుకుని ఆటకు పిలవండి. మందు వైద్యుడిస్తాడు, స్నేహం మాత్రం మీరే ఇవ్వాలి.