గల్ఫ్‌లో కొన్న సూటు, స్కాట్లాండ్ నీళ్లు

గత అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం అబర్డీన్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. మాట కంటే ముందు పళ్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. "నాన్నా, నువ్వు కొనిచ్చిన సూటు నిండా నీళ్లే. పావుగంటకే కాళ్లు ఉన్నాయో లేవో తెలీలేదు. బయటికొచ్చాక జిప్పు తాడు పట్టుకోడానికి వేళ్లు వంగలేదు, ఫ్రెండ్ లాగింది" అంది. పక్కనే ఉన్న మా ఆవిడ ఫోన్ లాక్కుంది. ఆ రాత్రి ఆమె నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను.

తప్పు నాదే. ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేముండేది ముసఫ్ఫా షాబియాలో. రోడ్డు దాటితే సనయ్య. గ్యారేజీలు, ఇనుప సామాన్ల గోడౌన్లు, పెయింటు వాసన. అలలకీ మాకూ ఏ సంబంధమూ లేదు. 2024లో ఇక్కడికి అరగంట ప్రయాణంలో ఉన్న హుదైరియాత్ దీవిలో సర్ఫ్ అబుదాబి మొదలైంది. సముద్రపు నీటితో నింపిన పెద్ద కొలను అది. అందులో యంత్రంతో అలలు పుట్టిస్తారు. సర్ఫింగ్ చాంపియన్ కెల్లీ స్లేటర్ పేరుతో ఉన్న కంపెనీ తయారు చేసిన పద్ధతి. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ సర్ఫ్ లీగ్ చాంపియన్‌షిప్ టూర్ పోటీ కూడా అక్కడే జరిగింది. బ్రెజిల్‌కి చెందిన ఇటాలో ఫెరీరా, అమెరికా అమ్మాయి కైట్లిన్ సిమర్స్ గెలిచారు. మేం ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాం. అప్పటికే మా అమ్మాయికి ఆ పిచ్చి పట్టుకుంది. పరీక్షల్లో మార్కులు బాగా వస్తే ఒకసారి తీసుకెళ్తానన్నాను. ఆ ఒకసారి మూడుసార్లయింది.

ఇక్కడ సముద్రం జనవరిలో కూడా 20, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆగస్టులో 33 దాటుతుంది, స్నానానికి తోడిన నీళ్లలా. అలాంటి చోట పొట్టి చేతుల 2 మిల్లీమీటర్ల సూటు వేసుకుంటే చాలు. అందుకే సెప్టెంబరులో పిల్ల పైచదువుకి అబర్డీన్ వెళ్తుంటే, అక్కడి యూనివర్సిటీలో సర్ఫ్ క్లబ్ ఉందని తెలిసి, ఒక మాల్‌లో నిండు చేతుల సూటు చూసి కొనేశాను. ఛాతీ దగ్గర 3, చేతులకి 2 మిల్లీమీటర్లు. చలిదేశం కదా అని నాకు తోచినంత మందం. దానికి తోడు మన అలవాటు ఒకటి ఉంది కదా. స్కూలు యూనిఫాం దగ్గర నుంచి పండగ బట్టల వరకు ఒక సైజు పెద్దది తీసుకోవడం. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంకేం పెరుగుతుందని ఆలోచించకుండా అదే చేశాను. వదులుగా ఉంటే ఒళ్లు కనిపించదని మా ఆవిడ కూడా సంతోషించింది.

ఆ ఫోన్ వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు మన తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి ప్రాణాలు కోల్పోయిన వార్త మీరూ చదివే ఉంటారు. వాళ్లు సర్ఫింగ్‌కి వెళ్లలేదు, స్నేహితులతో ట్రెక్కింగ్‌కి వెళ్లారు. కానీ ఆ దేశంలో పిల్లలున్న తల్లిదండ్రులకి నీళ్లు అన్న మాట వింటే ఆ వార్తే గుర్తొస్తుంది. నేను విశాఖలో పుట్టి పెరిగినవాణ్ని. జాలరిపేట వాళ్లు తెల్లవారక ముందే గోచీ, తలపాగాతో పడవలెక్కడం చూస్తూ పెరిగాను. మన తీరంలో సముద్రం ముంచుతుందేమోనని భయపడతాం. చల్లదనమే ప్రాణం తీస్తుందని మనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, అక్కడ చలికాలంలో కూడా నీళ్లు 24, 25 డిగ్రీలుంటాయి.

బ్రిటన్ తీరంలో ప్రాణరక్షణ చేసే ఆర్ఎన్ఎల్ఐ సంస్థ చెప్పేది ఇది: నీళ్లు 15 డిగ్రీల కంటే తక్కువుంటే ఒక్కసారిగా దిగినవాళ్లకి ఊపిరి ఎగపోస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆ మొదటి నిమిషాల్లో నోట్లోకి నీళ్లు పోతే ఈత వచ్చినా లాభం లేదు. కంగారు పడకుండా వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడేదాకా ఆగమంటారు. అక్టోబరులో అబర్డీన్ సముద్రం 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నేను కొనిచ్చిన సూటుతో పిల్ల దిగింది ఆ నీళ్లలోకి. మంచి జరిగిందేమిటంటే, సరైన సూటు లేకుండా మళ్లీ రావొద్దని క్లబ్ వాళ్లు గట్టిగా చెప్పేశారు.

డిసెంబరు సెలవుల్లో ఆ సూటు పెట్టెలో పెట్టుకుని వచ్చింది. సనయ్యలో ఒక డైవింగ్ కంపెనీ స్టోర్‌లో శ్రీకాకుళం అన్న ఒకాయన పనిచేస్తాడు. నూనె బావుల దగ్గర నీళ్లలోకి దిగే డైవర్ల సూట్లు కడగడం, ఆరబెట్టడం, అతుకులేయడం ఆయన పని. ఇరవై ఏళ్లుగా అదే. సంక్రాంతి సంబరాల్లో పరిచయం. సూటు తీసుకుని పిల్లతో కలిసి ఆయన దగ్గరకి వెళ్లాను. వేసుకు రమ్మన్నాడు. చూసి నడుము వెనక గుప్పెడు రబ్బరు పట్టుకుని, "ఏటి బాబూ, అమ్మాయికి కొన్నావా, గోనెసంచికి కొన్నావా?" అన్నాడు.

ఆ గంటలో ఆయన చెప్పింది నాకు ఏ దుకాణంలోనూ చెప్పలేదు. ఈ సూటు చేసే రబ్బరు పేరు నియోప్రీన్. దాన్నిండా సన్నటి గాలి బుడగలు. వెచ్చదనం ఇచ్చేది ఆ బుడగలే. లోపలికి వచ్చిన నీళ్లు వేడెక్కి మనల్ని కాపాడతాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లోపల నీళ్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. సూటు వదులైతే ప్రతి అలకీ పాత నీళ్లు పోయి కొత్త చన్నీళ్లు వస్తాయి, ఒళ్లు మళ్లీ మొదటి నుంచి వాటిని వేడి చేయాలి. "బొక్కున్న బిందెతో నీళ్లు మోసినట్టే బాబూ. ఎంత దళసరైతే మటుకు ఏటి లాభం?" అన్నాడు. అంటే ముందు కొలత, ఆ తర్వాతే మందం. నా లెక్క తలకిందులైంది.

నడుము వెనక, చంకల కింద, తొడల మధ్య, మోకాలి వెనక ముడతలు ఉండకూడదు. రెండు చేతులూ పైకెత్తితే భుజాలు లాగకూడదు, గొంతుక్కూర్చుంటే మెడ దగ్గర జారకూడదు. మెడపట్టీ ఊపిరి ఆడనివ్వాలి కానీ వేలు సులువుగా దూరకూడదు. దుకాణంలో హాయిగా ఉందంటే నీళ్లలో వదులన్నమాటే, తడిస్తే ఇంకొంచెం సాగుతుంది. ఇక కుట్లు. నా సూటు లోపలి వైపు తిప్పి వెలుతురుకి పట్టుకుంటే సూది రంధ్రాలు చుక్కల్లా కనిపించాయి. అడ్డంగా కుట్టేసిన ఈ రకం వెచ్చటి నీళ్లకే పనికొస్తుంది. చలినీళ్ల సూట్లలో ముక్కలను ముందు జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా సగం మందంలోనే కుడతారు. ఇంకా ఖరీదైనవాటిలో లోపల టేపు కూడా వేస్తారు. జిప్పు వెనక ఉన్నవి తొడుక్కోవడం సులువు, ఛాతీ దగ్గర ఉన్నవాటిలో నీళ్లు తక్కువ దూరతాయి.

తొడుక్కోవడం ఎలాగో నాకూ చూపిస్తానని ఒక పాత సూటు ఇచ్చాడు. ఏసీ గదిలో కూడా చెమటలు పట్టాయి. మోకాలి దాకా వచ్చి ఆగిపోయాను. అప్పుడాయన నవ్వి, సూపర్ మార్కెట్ క్యారీబ్యాగు ఒకటి పాదానికి తొడిగాడు. కాలు సర్రున జారింది. గోళ్లతో లాగితే రబ్బరు చీరుతుంది, వేలి మెత్తతోనే లాగాలి. తర్వాత సర్దుకుని నిలబడి అద్దంలో చూసుకుంటే జిప్పు ముందుకొచ్చింది. తిరగేసి వేసుకున్నాను. మా అమ్మాయి తీసిన వీడియో మా కుటుంబం గ్రూపులో ఇంకా తిరుగుతోంది.

మందం సంగతికొస్తే, చూడాల్సింది నీటి ఉష్ణోగ్రత, బయట ఎండ కాదు. 16 నుంచి 20 డిగ్రీల మధ్య నేను కొన్న 3/2 సరిపోతుంది. 12 నుంచి 15 అయితే 4/3. 10 కిందికి దిగితే 5/4 లేదా 6/5, తలకి టోపీ సూటులోనే కలిసి ఉన్నది మేలు. పెద్ద అంకె ఛాతీ, వీపుది. చిన్న అంకె చేతులు ఆడించే చోటుది. ఏళ్ల తరబడి చన్నీళ్లు చెవిలోకి పోతే లోపల ఎముక పెరిగి దారి ఇరుకవుతుందట, సర్ఫర్ల చెవి అనే పేరే ఉంది దానికి. అందుకే టోపీ వద్దనే పిల్లల మాట వినొద్దు. ఇందులో నాలాంటివాణ్ని మోసం చేసే విషయం ఇంకొకటుంది. సముద్రం ఆలస్యంగా చల్లబడుతుంది, ఆలస్యంగా వేడెక్కుతుంది. అబర్డీన్‌లో అన్నిటికంటే చల్లటి నీళ్లు డిసెంబరులో కాదు, ఫిబ్రవరి చివర, మార్చిలో, 6 డిగ్రీల దగ్గర. ఏప్రిల్‌లో ఎండ కాసి పార్కులో పూలు పూసినా నీళ్లు ఇంకా చలికాలంలోనే ఉంటాయి.

బూటీల గురించి మొదట నేను ఆలోచించనే లేదు. అబర్డీన్‌లో ఉన్నది ఇసుక తీరం, బూట్లెందుకు అనుకున్నాను. కానీ ఒళ్లు చల్లబడగానే శరీరం రక్తాన్ని గుండె వైపు లాక్కుంటుంది. ముందు తిమ్మిరెక్కేవి కాళ్లూ చేతులే. పాదానికి పలక స్పర్శ తెలియకపోతే నిలబడేదెలా? 12 నుంచి 15 డిగ్రీలకి 3 మిల్లీమీటర్లు, 10 దగ్గర 5, ఇంకా కిందికి దిగితే 7. బొటనవేలు విడిగా ఉండే రకంలో పాదం లోపల జారదు, పలక మీద పట్టు బాగుంటుంది. ముందు గుండ్రంగా, వేళ్లన్నీ కలిసి ఉండే రకం వెచ్చగా ఉంటుంది. 7 మిల్లీమీటర్లలో గుండ్రటిదే తీసుకోమన్నాడు అన్న. మా ఇంట్లో అందరి పాదాలూ ముందు వైపు వెడల్పు. మామూలు బూట్లకి సాక్సు కోసం ఒక సైజు పెంచుతాం కదా, ఇక్కడ అది పనికిరాదు. ఉట్టి కాలికి వేసుకోవాలి, వేళ్లు కొసకి తగలాలి, మడమ దగ్గర సందు ఉండకూడదు. సందుంటే బకెట్టు కట్టుకుని ఈదినట్టే. ఇంకో చిన్న సంగతి, సూటు కాలి అంచు బూటీ మీదకి రావాలి, లోపలికి తోయకూడదు. లోపలికి తోస్తే సూటు మీద నుంచి జారే నీళ్లన్నీ నేరుగా పాదంలోకే.

ఈ రబ్బరుకి కూడా చిన్న చరిత్ర ఉంది. నియోప్రీన్‌ను 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కనిపెట్టింది. దానితో డైవర్లకి సూటు కుట్టొచ్చని 1950ల మొదట్లో ఆలోచించింది బర్క్‌లీలో పనిచేసిన హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1952లో దుకాణం పెట్టి సర్ఫర్ల దాకా చేర్చినవాడు జాక్ ఓనీల్. బే ఏరియాలో ఉన్న మనవాళ్లు పసిఫికా, శాంటాక్రూజ్ బీచ్‌లలో నల్ల సూట్లలో జనాన్ని చూసే ఉంటారు, ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు చల్లనే. ఈ రబ్బరు తయారీలో వాడే రసాయనం ఆరోగ్యానికి హానికరమని వాదనలున్నాయి, అందుకే సహజ రబ్బరుతో చేసినవి వచ్చాయి. మా అమ్మాయి అదే కావాలంది. ధర చూసి వచ్చే ఏడాది చూద్దామన్నాను.

జనవరిలో తిరిగి వెళ్లాక అక్కడి దుకాణం నుంచే వీడియో కాల్ చేసింది. నాలుగు సూట్లు తొడిగి విప్పింది. మొదటిది నాకు బాగుందనిపించింది, నడుము వెనక ముడత చూపించి "గోనెసంచి" అని తనే పక్కన పెట్టేసింది. చివరికి టోపీ ఉన్న 6/5 సూటు, 7 మిల్లీమీటర్ల బూటీలు తీసుకుంది. మా ఆవిడ తెర మీద చూసి, "ఇంత బిగుతేంటే, చేప తోలులా" అంది. "చేపకి చలి వేయదమ్మా" అంది పిల్ల. గ్లవ్స్ మాత్రం తర్వాత కొనుక్కుంటానంది. నేనూ సరేనన్నాను. అది నా రెండో తప్పు.

పాత సూటు శ్రీకాకుళం అన్న దగ్గరే వదిలేశాను. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నడుము దగ్గర మడిచి నీడలో వేయమని, వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ జోలికి పోవద్దని అన్న చెప్పినవి పిల్ల ఫోన్‌లో రాసుకుంది. ఇక్కడ గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి నాది ఒక మాట. కారు డిక్కీలో మాత్రం పడేయకండి. మన ఎండకి రబ్బరు పెళుసెక్కుతుంది. ఎవరి దగ్గరైనా వాడిన సూటు కొంటే భుజాలు, మోకాళ్ల దగ్గర లాగి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే వదిలేయండి.

మార్చి రెండో వారంలో మళ్లీ ఫోన్ వచ్చింది. నీళ్లు 6 డిగ్రీలట. నలభై నిమిషాలు ఉందట. ఈసారి మాట తిన్నగానే వినిపించింది. ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళ్తే, ఒడ్డున స్కాట్లాండ్ పిల్లలు రుచి చూసి రెండు కప్పులు ఖాళీ చేశారట.

"కాళ్లెలా ఉన్నాయే?" అన్నాను.

"కాళ్లు బాగున్నాయి నాన్నా. చేతివేళ్లే. ఫోన్ కూడా నా ఫ్రెండే డయల్ చేసింది."

మా ఆవిడ నా వైపు చూసింది. 5 మిల్లీమీటర్ల గ్లవ్స్ ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను. అంతకుముందు పిల్లతో అరచేయి చుట్టూ టేపుతో కొలిపించి, ఆ అంకె శ్రీకాకుళం అన్నకి వాట్సాప్‌లో పంపాను.