అటకమీది రంగు డబ్బా ఎవరిది?

సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో గోడలకు రంగులేయిస్తాం. పెయింటర్ లెక్క తేల్చుకుని వెళ్లాక చూస్తే నాలుగైదు డబ్బాలు మిగిలి ఉంటాయి. ఒకదాంట్లో హాలుకు వేసిన గంధం రంగు అరలీటరు, ఇంకోదాంట్లో కిటికీ చువ్వలకు వేసిన ఎనామిల్ అడుగున కాస్త. పారేయడానికి మనసొప్పదు. ‘ఎప్పుడైనా పనికొస్తుందిలే’ అని అటకెక్కిస్తాం. అయిదేళ్ల తర్వాత దించితే... మూత రాదు. వచ్చినా లోపల గడ్డకట్టిన ముద్ద. అప్పుడు మొదలవుతుంది అసలు తలనొప్పి, దీన్నెక్కడ పారేయాలని!

చాలా ఇళ్లలో జవాబు బాత్రూమ్ తూమే. లేదంటే చెత్తబండి. తూములో పోసిన ఎనామిల్ చివరికి ఏ చెరువులోనో తేలుతుంది. బండిలో వేసిన డబ్బాను డంపింగ్ యార్డులో ఎవరో వట్టి చేతుల్తో తెరుస్తారు.

అమెరికాలోనూ ఇదే కథ. అటక బదులు గ్యారేజీ, అంతే తేడా. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు తాళంచెవులతోపాటు పాత యజమాని వదిలేసిన రంగు డబ్బాలూ దక్కుతుంటాయి. అమ్ముడయ్యే రంగులో దాదాపు పదోవంతు ఇలా మిగిలిపోతుందని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఇళ్లలోని ప్రమాదకర చెత్తను తీసుకునే కేంద్రాలకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిపడేది రంగే. ఆ ఖర్చు భరించింది స్థానిక ప్రభుత్వాలు. అంటే, గోడకు బ్రష్ తాకించనివాళ్ల పన్ను సొమ్ము కూడా అందులో ఉన్నట్టే.

కంపెనీలే కోరిన చట్టం

ఈ లెక్క మార్చడానికి 2003లో అధికారులు, రంగుల కంపెనీలు ఒకేచోట కూర్చున్నారు. ‘తయారుచేసినవాడిదే చివరిదాకా బాధ్యత’ అన్నది సూత్రం. విచిత్రమేంటంటే, కంపెనీలు ఎదురు తిరగలేదు, చట్టం చేయమని తామే అడిగాయి. కారణం వ్యాపారమే. బాధ్యత తీసుకున్న కంపెనీ డబ్బా ధర పెరిగి, తప్పించుకున్న కంపెనీ డబ్బా చౌకగా దొరికితే మంచివాడే మునుగుతాడు. చట్టమైతే అందరికీ ఒకటే. మొదట మిన్నెసొటాలో తేవాలనుకున్నారు, గవర్నర్ ఒప్పుకోలేదు. ఆ అవకాశం ఒరెగాన్‌కు దక్కింది. 2009లో చట్టం, 2010 జులైలో అమలు. కంపెనీల సంఘం ‘పెయింట్‌కేర్’ అనే లాభాపేక్షలేని సంస్థను పెట్టి పని అప్పగించింది.

విధానం తేలికే. రంగు కొన్నప్పుడే బిల్లులో చిన్న రుసుము చేరుతుంది. ఒరెగాన్‌లో మొదట్లో గాలన్ డబ్బాకు- అంటే సుమారు 3.8 లీటర్లకు- 75 సెంట్లు. ఆ డబ్బుతోనే సేకరణ, రవాణా, శుద్ధి. ‘డబ్బా తిరిగిచ్చేస్తే ఆ సెంట్లు వెనక్కిస్తారా?’ అంటే, ఇవ్వరు. అది డిపాజిట్ కాదు. ఎప్పుడో మిగలబోయే రంగుకు ముందే కట్టే కూలి. బదులుగా, మిగిలిన డబ్బాను ఊరి చివరి కేంద్రం దాకా మోయక్కర్లేదు. ఈ ఏర్పాటులో చేరిన రంగుల దుకాణంలోనే పైసా ఇవ్వకుండా అప్పగించొచ్చు. కారే డబ్బాలు, పేరు లేని డబ్బాలు మాత్రం తీసుకోరు.

అలా చేరినవాటిని నీటి రంగులు, నూనె రంగులుగా విడదీస్తారు. నీటి రంగుల్లో బాగున్నవాటిని ఛాయల వారీగా పెద్ద తొట్లలో కలిపి, వడకట్టి, మళ్లీ డబ్బాల్లో నింపి తక్కువ ధరకు అమ్ముతారు. లేత రంగుల్లోకి ముదురుది కాస్త ఎక్కువ పడితే మొత్తం బురద రంగే, కాబట్టి వేరుచేసేవాళ్ల కన్నే ఇక్కడ కీలకం. నూనె రంగులు ఎక్కువగా ఇంధనంగా మండుతాయి. 2012లో కాలిఫోర్నియా, 2022లో న్యూయార్క్... ఇలా పదికి పైగా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి.

మన దగ్గర?

మనకూ నిబంధనల కొరత లేదు. పారేసిన రంగు డబ్బాలు ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాలేనని కేంద్రం 2016లోనే చెప్పింది. ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలనీ అంది. మీ వీధిలో ఎవరినైనా అడిగి చూడండి, ఆ కేంద్రం ఎక్కడుందో! బ్యాటరీలు, టైర్లు, కంప్యూటర్ల విషయంలో తయారీదారుకు బాధ్యత పెట్టారు. ప్లాస్టిక్ ప్యాకింగ్‌కూ పెట్టారు కాబట్టి రంగు బకెట్టు లెక్కలోకి వచ్చింది. అందులో మిగిలిన రంగు మాత్రం రాలేదు!

అంతవరకూ మన జాగ్రత్త మనదే. దుకాణంలో మిషన్‌మీద కలిపించిన రంగును మళ్లీ తీసుకోరు. అందుకని ‘ఇంకో డబ్బా పడుండనీయండి’ అనే పెయింటర్ మాటకు తలూపేముందు గోడలు కొలవండి. లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో డబ్బామీదే ఉంటుంది. కాస్త మిగిలిన ఎమల్షన్‌ను రంపపు పొట్టులో కలిపి, ఆరబెట్టి, అప్పుడు చెత్తలో వేయొచ్చు. ఎనామిల్‌ను మాత్రం తూములో పోయొద్దు.

అటకమీద పాత ఎనామిల్ ఉంటే ఇంకో సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు కొన్న డబ్బాలో ఎంతుందో చూసి చెప్పలేం. దాన్ని ‘వృథా ఎందుకు’ అని పాపాయి ఊయలకు పూయకండి. కొత్త డబ్బాలైతే మూతమీద ఏ గది, ఏ ఛాయ నంబరు, ఏ తేదీ అన్నది స్కెచ్‌పెన్నుతో రాసి పెట్టండి.