పన్ను అరగదీసే గాలి చక్రం

ఊడిపోయిన పన్ను స్థానంలో స్థిరమైన బ్రిడ్జి కట్టాలంటే సాధారణంగా ఇరుపక్కల పళ్లను చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అరగదీసి, వాటికి క్యాపులు తొడిగి, ఆ క్యాపుల మధ్య కట్టుడు పన్నును నిలపాలి. పన్ను పై పొర అయిన ఎనామెల్ శరీరంలోని పదార్థాలన్నింటిలోకీ గట్టిది. దానిని నిమిషాల్లో కోయగల యంత్రం వచ్చాకనే ఈ చికిత్స సులువైంది. చికిత్స ముగిశాక కొందరిని వారాల తరబడి బాధించే నొప్పిని అర్థం చేసుకోవడానికీ ఆ యంత్రపు కథే దారి చూపుతుంది.

1871లో అమెరికాకు చెందిన జేమ్స్ మోరిసన్, కుట్టుమిషనులా కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లుకు పేటెంటు పొందాడు. 1875లో జార్జ్ గ్రీన్ విద్యుత్ డ్రిల్లును తెచ్చినా, వేగం పరిమితంగానే ఉండడం వల్ల వైద్యుడు పంటిమీద గట్టిగా అదిమి పట్టవలసి వచ్చేది, ఆ అదురు రోగి దవడ ఎముకదాకా పాకేది. న్యూజిలాండ్‌లో జాన్ వాల్ష్ 1949లో గాలితో నడిచే పరికరానికి పేటెంటు పొందగా, 1957లో అమెరికన్ దంతవైద్యుడు జాన్ బోర్డెన్ రూపొందించిన ‘ఎయిరోటర్’ నిమిషానికి దాదాపు 3,00,000 చుట్లు తిరిగింది. కంప్రెసర్ నుంచి ఒత్తిడితో వచ్చే గాలి పరికరపు తలలోని చిన్న చక్రం రెక్కలను తాకి తిప్పుతుంది, ఆ చక్రపు ఇరుసుకే కోసే ములికి బిగించి ఉంటుంది కాబట్టి తేలికగా తాకిస్తే చాలు, పన్ను అరుగుతుంది.

అయితే వేగం వెంట వేడి కూడా వచ్చింది. పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని పల్ప్ గట్టి గోడల నడుమ బందీగా ఉన్నందున, వాపు వస్తే వ్యాకోచించడానికి దానికి చోటుండదు. 1965లో జాక్, కోహెన్ అనే పరిశోధకులు కోతులపై చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత సుమారు 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడు దాదాపు 15 శాతం పళ్లలో పల్ప్ కోలుకోలేదు. మత్తు ఇంజెక్షన్ పొందిన రోగికి ఈ వేడి తెలియదు, హెచ్చరించగల నొప్పి అప్పటికే మూగబోయి ఉంటుంది. అందుకే యంత్రపు తలనుంచే చిమ్మే నీటి తుంపర ఒక అదనపు సౌకర్యం కాదు, పంటి ప్రాణానికి రక్షణ.

కోత వల్ల మరొక మార్పు కూడా జరుగుతుంది. ఎనామెల్ కింది డెంటిన్ పొరలో చదరపు మిల్లీమీటరుకు వేలకొద్దీ సూక్ష్మనాళికలుంటాయి. అవి తెరుచుకున్నప్పుడు చల్లదనానికి లోపలి ద్రవం కదిలి నరాలను రేపుతుందని స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ వివరించాడు. బ్రిడ్జి కట్టాక చల్లనీళ్లకు పన్ను జివ్వుమని, ఆ బాధ క్షణాల్లో తగ్గిపోవడానికి ప్రధాన కారణం ఇదే, ఇది చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

కనుక నొప్పి ఎంత ఉందన్నదానితోపాటు ఎప్పుడు మొదలై ఎంతసేపు నిలుస్తుందో గమనించడం ముఖ్యం. నమిలినప్పుడు మాత్రమే నొప్పి వస్తే బ్రిడ్జి ఎత్తుగా ఉండవచ్చు, రంగు కాగితాన్ని కొరికించి, గుర్తు పడిన చోట కాస్త అరగదీస్తే ఉపశమనం కలుగుతుంది. వేడికి మొదలై నిమిషాల తరబడి నిలిచే నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి పల్ప్ కోలుకోలేని స్థితికి సూచనలు, అప్పుడు రూట్ కెనాల్ అవసరమవుతుంది, దానిని చాలాసార్లు బ్రిడ్జిని తొలగించకుండా, క్యాపుకు రంధ్రం చేసి కూడా పూర్తిచేయవచ్చు. వాపు, జ్వరం తోడైతే ఆలస్యం తగదు. పరీక్షల్లో ఏ లోపమూ కనబడకుండా నెలలు గడిచినా తగ్గని నొప్పి నరాలకు సంబంధించినది కావచ్చు, అటువంటి స్థితిలో ఒకదాని తరువాత ఒకటిగా పళ్లు తీయించుకోవడం కంటే, ముఖభాగపు నొప్పులను చూసే నిపుణుని సంప్రదించడం మేలు.

గాలి చక్రం కోత సమయంలోని బాధను తగ్గించింది కానీ కోతకు గురైన పన్ను సజీవమైనదన్న సత్యాన్ని మార్చలేదు. నిలిచిపోయిన నొప్పిని రోగి మౌనంగా సహించనవసరం లేదు, వైద్యుడు అనుమానంతో చూడనూ కూడదు. దాని తీరును ఇద్దరూ కలిసి ఓపికగా పరిశీలించినప్పుడే సరైన చికిత్స దొరుకుతుంది.