దో-చార్ గాజు, రెండున్నర శ్రుతి, కేపో మూడు

లాడ్ బజార్లో గాజుల దుకాణం ముందు ఆగితే మొదట అడిగేది రంగు కాదు, సైజు. "దో-చార్ హోనా, దో-ఛే?" అన్నాడు దుకాణదారు. భుజాన నాలుగు తీగల యుకులేలే సంచితోనే మా మేనకోడలు చెయ్యి చాచింది. ఆయన టేపు తీయలేదు. వేళ్లు దగ్గరకు మడిచి, కణుపుల దగ్గర ఒకసారి నొక్కి చూసి, దో-చార్ పెట్టె దించాడు.

పెట్టె మీద 2.4 అని ఉంది. దాన్ని రెండు పాయింట్ నాలుగు అంగుళాలు అనుకుంటే గాజు పట్టదు. రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు అంగుళాలు. మిల్లీమీటర్లలో 57. అందుకే ఈ బజార్లో 2.8 కన్నా 2.10 పెద్దది. బడిలో ఇలా రాస్తే సున్నా వేస్తారు.

"మామయ్యా, గాజుల లెక్క తెలిసింది. నా లెక్కే తేలట్లేదు" అంది పిల్ల. ఒక పాట తన గొంతుకు ఏ శ్రుతిలో బాగుంటుందని నలుగురినీ అడుగుతోంది. హార్మోనియం వాయించే పక్కింటి చాచా "కాలీ దో" అన్నారట. సంగీతం టీచరు "రెండున్నర" అన్నారట. వీడియోలో ఎవరో "కేపో మూడు" అన్నారట. రెండు, రెండున్నర, మూడు. ముగ్గురూ చెప్పింది ఒక్కటే అంటే నమ్మలేదు.

హార్మోనియంలో ఒక స్థాయికి 7 తెల్ల మెట్లు, 5 నల్ల మెట్లు, మొత్తం 12. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ కాలం నుంచి ఆయన మనవలు వార్సీ బ్రదర్స్ దాకా ఈ ఊరి ఖవ్వాలీకి ఆ పెట్టే ఆధారం. పాతబస్తీ హార్మోనియం వాళ్లు తెల్లవాటిని వేరుగా, నల్లవాటిని వేరుగా లెక్కపెడతారు: సఫేద్ ఏక్, కాలీ ఏక్, సఫేద్ దో, కాలీ దో. కర్ణాటక సంగీతం వాళ్లు తెల్లవాటికి పూర్తి అంకెలు, నల్లవాటికి అరలు ఇస్తారు: ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనేది లేనే లేదు. ఏడున్నరా అంతే. తీగలకు బిగించే కేపో లెక్కలో తెలుపూ నలుపూ ఉండవు. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె. సీ, అంటే సఫేద్ ఏక్, నుంచి మూడు మెట్లు ఎక్కితే డీ షార్ప్. అదే కాలీ దో, అదే రెండున్నర.

కేపో ఏం చేస్తుందో వీణ తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మేరువును జరుపుతుంది. ఇటాలియన్లో దాని పూర్తి పేరు 'కపోతాస్తో'. కపో అంటే తల. తీగలు మొదలయ్యే చోటును ముందుకు తెచ్చే బిగింపు అన్నమాట. స్కేల్ ఛేంజర్ హార్మోనియంలో మెట్ల పలక మొత్తం పక్కకు జరిగినట్టే ఇక్కడా వేళ్ల వాటం మారదు, శ్రుతి మారుతుంది.

సామాన్యంగా కనిపించే చిన్న సొప్రానో యుకులేలేలో మేరువు నుంచి గుర్రం దాకా తీగ పొడవు సుమారు 345 మిల్లీమీటర్లు. ప్రతి మెట్టుకూ మిగిలిన పొడవును 1.0595తో భాగించాలి. పన్నెండుసార్లు భాగిస్తే సరిగ్గా సగం, అదే పై స్థాయి. మూడో మెట్టున కేపో బిగిస్తే 290 మిల్లీమీటర్లు మిగులుతుంది. 'ఏ' తీగ 440 హెర్ట్జ్ నుంచి 523కు, సీ తీగ 262 నుంచి 311కు ఎక్కుతాయి. అయిదో మెట్టుకు పోతే తీగలో పావు వంతు పోయినట్టే. ఏడో మెట్టున మిగిలేది 230. అక్కడ మెట్ల మధ్య జాగా సెంటీమీటరున్నర కూడా ఉండదు, వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. గిటార్ వాళ్లు ఏడులో పెట్టారని మనమూ పెడితే మోత తప్ప నాదం రాదు. నా మట్టుకు నాలుగు దాటితే దండగ.

అయితే చాలామంది ఆడవాళ్లు కచేరీకి ఎంచుకునే అయిదు, అయిదున్నర శ్రుతుల మాటేమిటి? సీ నుంచి ఎక్కితే అవి ఏడు, ఎనిమిది మెట్లు. అక్కడ కేపో కాదు, కార్డుల, అంటే వేళ్ల పట్టుల, కుటుంబం మార్చాలి. సీ, ఎఫ్, జీ పట్టులతో కేపో సున్నా నుంచి నాలుగు దాకా జరిపితే ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు శ్రుతులు వస్తాయి. జీ, సీ, డీ పట్టులతో అదే నాలుగు మెట్లలో అయిదు, అయిదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు వస్తాయి. 12లో 10 అయిపోయాయి. మిగిలిన నాలుగూ నాలుగున్నరా ఎఫ్ పట్టులతో కేపో లేకుండా ఒకటి, మొదటి మెట్టున ఒకటి. ఎఫ్ కుటుంబంలో బీ ఫ్లాట్ పట్టు కొత్తవాళ్ల చూపుడు వేలిని ఏడిపిస్తుంది. అది ఒప్పుకోవాలి.

బిగించే తీరు చెబుతాను. కేపో మెట్టు మీద కూర్చోకూడదు, మెట్టుకు వెనక ఆనుకుని ఉండాలి. యుకులేలే తీగలు నైలాన్‌వి. గట్టిగా నొక్కితే సాగి శ్రుతి పైకి పోతుంది. గిటార్ కేపో స్ప్రింగు వీటికి మరీ బలం, బరువు కూడా. చిన్న వాయిద్యం మెడ కిందికి వాలిపోతుంది. యుకులేలేకని అమ్మేదే కొనండి. పెట్టాక నాలుగు తీగలూ మళ్లీ ట్యూనర్‌తో చూసుకోండి. ట్యూనర్‌లో ఇప్పుడు జీ, సీ, ఈ, ఏ కనబడవు. మూడో మెట్టునైతే ఏ షార్ప్, డీ షార్ప్, జీ, సీ కనబడాలి. ఇది తెలియక మా పిల్ల బిరడాలు తిప్పి తిప్పి, కేపో ఎక్కించిన మూడు మెట్లనూ మళ్లీ కిందికి దించేసింది. కేపో తీశాక చూస్తే తీగలన్నీ వదులు.

ఇంటికొచ్చాక సరిచేసుకుని పాడింది. చాచా గోడ అవతల నుంచి హార్మోనియంలో కాలీ దో నొక్కి పట్టారు. రెండూ కలిశాయి. చేతికి దో-చార్ గాజులు, కేపో మూడో మెట్టున.