ఎంబాసింగ్ పొడి

ఎంబాసింగ్ పొడి అనగా చేతితో తయారుచేసే శుభాకాంక్షల కార్డులు, బహుమతి ట్యాగులపై ఉబ్బెత్తు అక్షరాలు, బొమ్మలు తెచ్చుటకు వాడే సన్నని ప్లాస్టిక్ రెసిన్ పొడి. ఇది వేడికి కరిగి, చల్లారగానే గట్టిపడుతుంది. పెళ్ళిపత్రికలు, విజిటింగ్ కార్డులపై ఇదే సూత్రంతో యంత్రాలపై చేసే ముద్రణను థర్మోగ్రఫీ అంటారు.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది సిరా విషయంలోనే. డై సిరా కాగితంలోకి ఇంకి త్వరగా ఆరిపోతుంది కనుక పొడి సరిగా అంటదు. పిగ్మెంట్ సిరాలో రంగు కరగని రేణువులుగా ఉండి, కాగితం పైననే నిలిచి నెమ్మదిగా ఆరుతుంది. కనుక ఈ పనికి అదిగాని, గ్లిజరిన్ వంటివి కలిపిన రంగులేని ఎంబాసింగ్ సిరాగాని వాడతారు. రబ్బరు ముద్ర వేసిన వెంటనే పొడి చల్లి, అంటనిది దులిపి, హీట్ గన్‌తో వేడిచేస్తారు. పొడి కరిగి నిగనిగలాడగానే ఆపాలి; లేనిచో కాగితం వంకర తిరుగుతుంది. తల ఆరబెట్టుకునే డ్రయ్యరు ఇందుకు పనికిరాదు. దాని వేడి చాలదు, పైగా గాలికి పొడి ఎగిరిపోతుంది.

ముద్రకు ముందు కాగితంపై కొద్దిగా టాల్కం పొడి అద్దితే అక్కరలేని చోట రేణువులు అంటవు.

మెరుపుల కోసం వాడే గ్లిట్టర్ వేరు. అది సాధారణంగా అల్యూమినియం పూత గల పాలియెస్టర్ పొర తునకలు, జిగురుతో అంటించాలి. సూక్ష్మ ప్లాస్టిక్ కాలుష్యం దృష్ట్యా, విడిగా అమ్మే ప్లాస్టిక్ గ్లిట్టర్‌ను ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు 17 నుండి నిషేధించింది. జీవవిచ్ఛిన్నమయ్యే రకాలకు, గాజు వంటి అకర్బన పదార్థాలతో చేసిన వాటికి ఈ నిషేధం వర్తించదు.