పది పౌండ్లు పెరిగి... గెలిచాడు!

ఒళ్లు ఎండగట్టుకుని బరిలోకి దిగినంతకాలం డస్టిన్ పోరియర్ మంచి ఆటగాడు. కడుపునిండా తిని దిగడం మొదలెట్టాకే గొప్ప ఆటగాడయ్యాడు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చరిత్రలో మనసుకు హత్తుకునే పునరాగమనాల్లో అతనిదొకటి.

2014 సెప్టెంబరు 27. లాస్ వెగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ కిక్కిరిసిపోయింది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ యూఎఫ్‌సీ 178లో ఓ పక్క కానర్ మెక్‌గ్రెగర్, మరో పక్క లూసియానా కుర్రాడు పోరియర్. ఐర్లాండ్ యోధుడి మాటల తూటాలు వారాల ముందు నుంచే పేలుతున్నాయి. గంట మోగింది. మెక్‌గ్రెగర్ ఎడమచేతి గుద్దు తగలగానే పోరియర్ కుప్పకూలాడు. 106 సెకన్లలో అంతా అయిపోయింది.

ఆ మాటలు తన బుర్రలోకి ఎక్కనిచ్చానని పోరియర్ తర్వాత నిజాయతీగా ఒప్పుకొన్నాడు. అయితే అతణ్ని తినేస్తున్నది అదొక్కటే కాదు. 145 పౌండ్ల ఫెదర్‌వెయిట్‌కు దిగిన ప్రతిసారీ ఒంట్లో సత్తువంతా కాటా దగ్గరే కరిగిపోతోంది.

కాటాతో మొదటి కుస్తీ

ఈ ఆటలో పోటీకి ముందురోజు బరువు చూస్తారు. ఆ ఒక్క క్షణం కోసం చాలామంది యోధులు అసలు బరువులోంచి ఆరేడు కిలోలు, కొందరు అంతకంటే ఎక్కువే దించేస్తారు. పోయేది కొవ్వు కాదు, నీరు. ముందు కొన్ని రోజులు లీటర్లకొద్దీ నీళ్లు తాగుతారు. తర్వాత ఒక్కసారిగా ఆపేస్తారు. ఉప్పు బంద్, అన్నం, రొట్టె బంద్.

చివరి రాత్రి హోటల్ గది చూస్తే జాలేస్తుంది. వేడినీళ్ల తొట్టిలో మనిషిని పడుకోబెడతారు. లేపి తువ్వాళ్లు చుట్టి చెమట పట్టిస్తారు. పట్టిన చెమటను ప్లాస్టిక్ కార్డుతో గీకేస్తారు. నోరు పిడచకట్టుకుపోతున్నా సీసాలోకి ఉమ్మిస్తారు. ఆ ఉమ్మీ బరువే కదా! తెల్లారి తువ్వాలు అడ్డం పెట్టుకుని, బట్టలు విప్పి కాటా ఎక్కుతాడు. అంకె సరిపోతే గుక్కెడు నీళ్లు.

మర్నాటికల్లా బరువు చాలావరకు తిరిగొస్తుంది. బలం అంత తొందరగా రాదు. గుండె, మూత్రపిండాలు అప్పటికే అలసిపోయి ఉంటాయి. కొందరికి అసలు మర్నాడే ఉండదు. 2013లో బ్రెజిల్‌లో లియాండ్రో సౌజా, 2015లో మనీలాలో చైనా యోధుడు యాంగ్ జియాన్ బింగ్ బరువు దించుకుంటూనే ప్రాణాలు వదిలారు. యాంగ్ వయసు 21 ఏళ్లు. ఆ విషాదం తర్వాత వన్ ఛాంపియన్‌షిప్ సంస్థ నిబంధనలు మార్చింది. ఒంట్లో నీటిశాతం పరీక్షించడం మొదలుపెట్టింది. ఓ పిల్లాడు పోతే తప్ప మారకపోవడమే బాధ.

తిండి తిని తిరిగొచ్చాడు

మెక్‌గ్రెగర్ చేతిలో ఓటమి తర్వాత పోరియర్ తేల్చుకున్నాడు. 155 పౌండ్ల లైట్‌వెయిట్‌కు, అంటే 70 కిలోల తరగతికి మారాడు. ఆ బరువులో యూఎఫ్‌సీలో మొదటి పోరు 2015 ఏప్రిల్‌లో. తొలి రౌండులోనే డియాగో ఫెరీరాను పడగొట్టాడు. జూన్‌లో యాన్సీ మెడీరోస్‌దీ అదే గతి. వరుసగా నాలుగు గెలిచాడు.

దారంతా పూలబాటేం కాదు. 2016లో మైకేల్ జాన్సన్ చేతిలో తొలి రౌండులోనే నాకౌట్ అయ్యాడు. ఇక్కడి ప్రత్యర్థులు బరువైనవాళ్లు, వాళ్ల దెబ్బా బరువే. తేడా ఏమిటంటే, ఇప్పుడు దెబ్బ తిన్నా కోలుకునే ఓపిక అతని ఒంట్లో ఉంది. 2018లో జస్టిన్ గేత్జీ తన్నులకు కాలు కమిలిపోయినా, నాలుగో రౌండులో అతణ్ని పడగొట్టాడు. 2019 ఏప్రిల్‌లో అట్లాంటాలో మ్యాక్స్ హాలోవేను అయిదు రౌండ్లలో ఓడించి తాత్కాలిక ఛాంపియన్ బెల్టు నడుముకు చుట్టుకున్నాడు. అదే ఏడాది అబుదాబిలో ఛాంపియన్ ఖబీబ్ ముందు తలవంచాడు. మళ్లీ లేచాడు.

2021 జనవరి, అబుదాబి. ఎదురుగా మళ్లీ మెక్‌గ్రెగరే. ఈసారి పోరియర్ తలకంటే ముందు కాలిని చూసుకున్నాడు. మెక్‌గ్రెగర్ ముందుకు పెట్టిన కుడికాలి పిక్క మీద అదే చోట తన్ని తన్ని వదిలాడు. అక్కడి నరం దెబ్బతింటే పాదం మాట వినదు. రెండో రౌండుకి ఆ కాలు తడబడింది. తర్వాత గుద్దుల వాన. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో మెక్‌గ్రెగర్ గుద్దులకు కూలడం అదే మొదటిసారి.

మన ఇంటి కథ కూడా

ఇది ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోవద్దు. 52 కిలోల్లో ప్రపంచ విజేతగా నిలిచిన మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్, ఆ బరువు ఒలింపిక్స్‌లో లేకపోవడంతో 50 కిలోలకు దిగింది. 2024 పారిస్‌లో తిండీ నీళ్లూ మానుకుని బరిలోకి దిగాల్సి వచ్చిందని ఓడిన తర్వాత కన్నీళ్లతో చెప్పింది. అదే పారిస్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్‌కు అదనంగా ఉన్న 100 గ్రాములు పతకాన్ని దూరం చేశాయి. ఆమె కూడా 53 కిలోల నుంచి తగ్గి బరిలోకి దిగిందే. ఇద్దరికీ తమ ఒంటికి సరిపడే తరగతిలో ఆడే వీలు అక్కడ దొరకలేదు. పోరియర్‌కు ఆ దారి ఉంది, దాన్ని పట్టుకునే తెగువా ఉంది.

బరువు తగ్గితే ప్రత్యర్థి చిన్నవాడవుతాడన్నది పాత లెక్క. ఆ లెక్కలో మన ఆటగాడు కూడా చిన్నవాడైపోతున్నాడన్న సంగతి మరిచిపోతాం. పిల్లల్ని బాక్సింగ్‌కో కుస్తీకో పంపే ప్రతి తల్లీ తండ్రీ, ప్రతి కోచ్ ‘ఏ బరువులో పతకం వస్తుంది?’ అనే ముందు ‘ఏ బరువులో బిడ్డ ఆరోగ్యంగా ఉంటాడు?’ అని అడగాలి.

2025 జులై 19న పోరియర్ సొంత రాష్ట్రం లూసియానాలోని న్యూ ఆర్లీన్స్‌లో చివరి పోరు ఆడాడు. ఎదురుగా పాత ప్రత్యర్థి హాలోవే. ఓడిపోయాడు. కానీ అయిదు రౌండ్లు, 25 నిమిషాలు వెనక్కి తగ్గకుండా కొట్లాడి, గ్లవ్స్ విప్పి పంజరం మధ్యలో పెట్టాడు. తలెత్తుకునే బయటికి నడిచాడు. ఎండిపోయిన ఒళ్లు 106 సెకన్లు నిలిచింది. నిండుగా ఉన్న ఒళ్లు అతణ్ని ఇంత దూరం తీసుకొచ్చింది.