మెట్టు ట్రైలరు - చక్రము ఎంత, బల్ల ఎత్తు ఎంత?

పవర్ టిల్లరు, నూర్పిడి యంత్రము వంటివి మోయుటకు, ముందు భాగము ఎత్తుగను వెనుక భాగము పల్లముగను ఉండు మెట్టు ట్రైలరును చేయించుకొనదలచిన రైతు సోదరులు ముందుగా ఒక లెక్క గమనించవలెను.

బల్ల పల్లముగా ఉన్నచో యంత్రమును ఎక్కించుట సులువు. బరువు క్రిందికుండుటచే మలుపులలోను, గట్ల మీదను బోల్తాపడు భయము తగ్గును. ఇందుకొరకు కొందరు చిన్న చక్రములు వేయింతురు. కాని చక్రము అడ్డుకొలత 6 అంగుళములు తగ్గించినను ఇరుసు దిగునది 3 అంగుళములే. చిన్న చక్రము బురదలో త్వరగా దిగబడును. లాగుటకు బలము ఎక్కువ పట్టును. ఎక్కువ చుట్లు తిరుగుటచే బేరింగులు త్వరగా అరుగును.

కావున మొదట బరువును, నేలను బట్టి చక్రమును ఎన్నుకొనుడు. టైరుపై సూచించిన బరువును ఎన్నడును మించరాదు. బల్లను దించవలెనన్న చక్రములను బల్లకు వెలుపల అమర్చుడు. అప్పుడు బల్ల వెడల్పు తగ్గును గనుక యంత్రము వెడల్పును ముందే కొలుచుకొనుడు.

యంత్రమును ఎక్కించు పలకల వాలు 4 అడుగులకు 1 అడుగు ఉండవలెనన్న, బల్ల ఎత్తు 30 అంగుళములైనచో 10 అడుగుల పలకలు కావలెను. 24 అంగుళములైనచో 8 అడుగులు చాలును.

అట్లని మరీ దించరాదు. మీ పొలము దారిలో అన్నిటికంటె లోతైన గాడిని కొలిచి, ఇరుసు క్రిందను, బల్ల క్రిందను అంతకు మించిన ఖాళీ ఉండునట్లు చూచుకొనుడు.